పేర్లు రాసే ముందు

ఒక వేసవి చివర మండలం నుంచి మా బడికి ఒక కాగితం వచ్చింది. వరదల్లో చిక్కుకున్నవాళ్లను వెతికి కాపాడటానికి ఊరికొక జట్టు కట్టాలని, ఈత బాగా వచ్చిన పదిమంది యువకుల పేర్లు రాసివ్వాలని అందులో ఉంది. కాగితం తెచ్చిన ఉద్యోగి నా బల్ల ముందే కూర్చున్నాడు. "మీరు అఆలు దిద్దించిన పిల్లలే కదా టీచర్, ఐదు నిమిషాల పని" అన్నాడు.

నిజమే. శబరి ఒడ్డున మా గూడెంలో ఎవరికి ఈత వచ్చో, ఎవరికి పడవ మీద గెడ వేయడం వచ్చో నాకు తెలుసు. ఆరు పేర్లు గబగబా రాశాను. ఏడో పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది.

ఏడో పేరు నాకు వరసకు అన్నయ్యే ఆయన చిన్నకొడుకుది. వాడి అన్న కొన్నేళ్ల క్రితం పొంగిన వాగులో దిగాడు. సంత నుంచి తిరిగెళ్తున్న ఒక వ్యాపారి మోటారు సైకిలుతో సహా కొట్టుకుపోతుంటే చూసి దూకాడు. వ్యాపారి బతికాడు. మావాడిని మాత్రం ఒక దుంగ గుద్దింది. కాలు విరిగింది, సరిగ్గా అతకలేదు. ఇప్పటికీ పొలం గట్టు ఎక్కాలంటే కర్ర కావాలి. సాయం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగితే, వాగు దాటొద్దని దండోరా వేయించాం, అయినా దిగాడు కదా అన్నారు. అతను వరద బాధితుడు కాదు, లెక్కల్లో ఉన్న రక్షకుడూ కాదు. ఒక శాలువా కప్పారు. ఆ శాలువా వాళ్లింట్లో ఇంకా ఉంది.

అందుకే ఐదు నిమిషాల పని నాకు ఐదు రోజులు పట్టింది. ఎవరో పరాయివాడి ప్రాణం కోసం నేను కనని బిడ్డను నీళ్లలోకి పంపే కాగితం మీద పేరు రాసే హక్కు నాకెక్కడిది? ఈ ప్రశ్న నాతోటి టీచర్లకూ, మన పల్లెల్లో నలుగురు మాట వినే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఎదురవుతుంది. అందుకే నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆపదలో మొదట చేరేది ఎప్పుడూ పక్కనున్నవాడే. మన దేశంలో విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. మరుసటి ఏడాది జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం, మనం ఎన్డీఆర్ఎఫ్ అనేది, ఏర్పడింది. మన రాష్ట్రానికి సంబంధించిన పదో బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. వాళ్లు పనిమంతులు. వాళ్ల రబ్బరు పడవలు ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. కానీ నీళ్లు లేచిన రాత్రి రోడ్డు కూడా నీళ్లలోనే ఉంటుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. 1986లో 75.6 అడుగులు వచ్చిన వరద తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే చూశాం. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, ఎటపాక మండలాల్లో ఊళ్లకు ఊళ్లే మునిగాయి. అలాంటప్పుడు గడప దాటి వచ్చే మొదటి చెయ్యి పక్కింటివాడిదే.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. ప్రాణాలతో బయటపడిన 26 మందిని ఒడ్డుకు చేర్చడానికి ముందుగా వెళ్లింది తూటిగుంట వాళ్లు, తమ పడవలు వేసుకుని. వాళ్లకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. మునిగిన ఆ పడవను 38 రోజుల తర్వాత పైకి తీసింది కూడా కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం. నీటిని పుస్తకంలో కాక ఒంటితో చదివినవాళ్లు వాళ్లు.

అంటే పేర్లు నేను రాయకపోయినా నది ఎప్పుడో రాసేసింది. కేక వినపడితే మా పిల్లలు ఎలాగూ దూకుతారు. మా అమ్మమ్మ అంటుండేది: నీళ్లలో వచ్చేవాడిది ఏ ఊరని అడక్కు, ముందు పట్టుకో. మాకది ధర్మశాస్త్రం కాదు, అలవాటు.

అయితే ఈ అలవాటును పొగిడేవాళ్లను చూస్తే నాకు భయం. "మీ గిరిజనులు పుట్టుకతోనే ఈతగాళ్లు, మీకు భయం తెలీదు" అంటుంటారు. మాకూ భయం తెలుసు. వరదనీళ్లలో పాములు ఉంటాయని, దుంగలు ఉంటాయని, గోదావరి నిండితే శబరి ముందుకు పోలేక వెనక్కి తన్నుతుందని తెలిసినవాడికి భయం లేకుండా ఎలా ఉంటుంది? ఆ మాట పైకి పొగడ్తే, లోపల ఒక లెక్క ఉంది. పుట్టుకతో వచ్చిన ధైర్యానికి జాకెట్టు కొనక్కర్లేదు, బీమా కట్టక్కర్లేదు. ఊరికే దొరుకుతుంది. తునికాకు కట్టకు కూడా ఒక ధర ఉంది. మా పిల్లల ధైర్యానికి మాత్రం శాలువా.

ఇక్కడే నా ప్రశ్నకు సగం జవాబు దొరికింది. జట్టు కట్టడం అంటే ధైర్యం లేనివాళ్లకు ధైర్యం నూరిపోయడం కాదు. ఉన్న ధైర్యం ఒంటరిగా, ఉత్త చేతులతో నీళ్లలోకి పోకుండా చూడటం. నీటి రక్షణ శిక్షణలో మొదటి పాఠమే అది. ముందు ఒడ్డునుండే కర్ర చాపు. అందకపోతే తాడు విసురు. అదీ అందకపోతే పడవలో వెళ్లు. ఈదుకుంటూ వెళ్లడం అన్నిటికంటే చివరిది. మావాడు ఆరోజు చివరిది మొదట చేశాడు, ఎందుకంటే ఆ వాగు ఒడ్డున తాడు లేదు. పది బారల తాడు ఒక చెట్టుకు కట్టి ఉంటే ఆ కాలు ఈరోజు బాగుండేదేమో.

పిల్లలకు చెప్పడానికి రక్షణ పడవల సంగతులు వెతుకుతుంటే ఇంగ్లండులో జరిగిన ఒక ఘటన కనిపించింది. సముద్రం ఒడ్డున విట్బీ అనే ఊరు. 1861 ఫిబ్రవరిలో పెద్ద తుఫాను. ఆ ఊరి రక్షణ పడవలో వెళ్లేవాళ్లు జీతగాళ్లు కారు, అక్కడి బెస్తలే. ఒకటే రోజు మళ్లీ మళ్లీ సముద్రంలోకి వెళ్లి ఓడల్లోవాళ్లను తెచ్చారు. చివరిసారి పడవ తిరగబడింది. పదమూడు మందిలో పన్నెండు మంది పోయారు. మిగిలిన ఒక్కడు హెన్రీ ఫ్రీమన్. అప్పుడే కొత్తగా వచ్చిన బెండు జాకెట్టు తొడుక్కున్నది అతనొక్కడే. ఆ పదమూడు మంది ధైర్యంలో తేడా లేదు. తేడా జాకెట్టులో ఉంది. మేము కూడా మా పిల్లలకు ధైర్యం నేర్పక్కర్లేదు. జాకెట్టు ఎవరు ఇస్తారన్నదే అడగాలి.

అలాగని అంతా ప్రభుత్వం చూసుకోవాలని చేతులు కట్టుకు కూర్చోవడం కూడా సరి కాదనిపించింది. 2016లో మొదలైన ఆపద మిత్ర పథకం ఊళ్లలోని వాలంటీర్లకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిందే. ముందు వరద ముప్పున్న 30 జిల్లాల్లో 6,000 మందితో మొదలుపెట్టి, తర్వాత 350 జిల్లాల్లో లక్ష మందికి విస్తరించాలనుకున్నారు. శిక్షణతో పాటు సామగ్రి సంచి, బీమా కూడా ఆ ఆలోచనలో ఉన్నాయి. అంటే మనం అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. కాగితం మీద ఒప్పుకున్నదే. అది శబరి ఒడ్డుదాకా రావాలి.

వచ్చినా, మన తీరుగా రావాలి. మా దగ్గర ఎవరు నీళ్లకు దిగాలన్నదానికంటే ఎవరికి ఎప్పుడు కబురు అందాలన్నది పెద్ద విషయం. శబరి ఒడిశాలో పుట్టి, ఛత్తీస్‌గఢ్ అంచున పారి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. భద్రాచలం తెలంగాణలో ఉంది, 2014 నుంచి మేం ఆంధ్రలో ఉన్నాం. నీళ్లకు ఈ గీతలు తెలియవు, కబురుకు మాత్రం తెలుసు. అది ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మెల్లగా నడిచి వస్తుంది. అయితే కోయ మాట నాలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. కుంటలో మా చుట్టాలున్నారు, మోటు వైపు వియ్యాలవారున్నారు. పైన నీరు లేచిందని వాళ్లు ఫోన్ చేస్తే మేం రాత్రికే గొడ్లను విప్పుతాం. ప్రాంతమంతటికీ ఒక జట్టు కట్టాలంటే ఈ చుట్టరికం మీదే కట్టొచ్చు. ఊరికో పదిమంది విడివిడిగా ఉంటే చాలదు. పైఊరు జట్టు కిందిఊరు జట్టుతో మాట్లాడాలి.

ఇంకొక మాట. కాగితంలో యువకులు అని మాత్రమే ఉంది. ఏ ఇంట్లో నెలలు నిండిన కోడలుందో, ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలాయన ఉన్నాడో, ఎవరు ఎంత చెప్పినా మేకలను వదిలి రారో ఆడవాళ్లకు తెలుసు. నీళ్లు రాకముందే వాళ్లను గుట్ట మీదికి చేర్చితే ఆ రాత్రి ఎవరూ ఈదనక్కర్లేదు. అది కూడా రక్షణ జట్టు పనే.

మా విత్తనాల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్లేవారు. వచ్చిన మాంసం ఇంటింటికీ పంచేవారు. అడవిలో దెబ్బ తగిలి ఉత్త చేతులతో వచ్చినవాడికీ వాటా ఉండేది. వాడు ఊరి పని మీద వెళ్లాడు కాబట్టి వాడి దెబ్బ ఊరిదే. ఈ నీతి మాకు ఎవరూ జీవో ఇచ్చి నేర్పలేదు. నీళ్లలోకి వెళ్లేవాడికి కూడా ఇదే వర్తించాలి. వాడు వెళ్లేది అందరి కోసమైతే వాడికి జరిగేది అందరి మీదా పడాలి. ఆ పూచీ ముందే రాసి ఇవ్వనివాళ్లకు వాడిని పిలిచే హక్కు లేదు. వాడు పోయాక పొగిడే హక్కు అసలే లేదు.

ఐదో రోజు సాయంత్రం ఆ ఇంటికి వెళ్లాను. వదిన పొయ్యి దగ్గర ఉంది. కాగితం చూసి అడిగింది: "పెద్దోడి కాలు ఇచ్చుకున్నా కదా ఒదినా. చిన్నోడి పేరు నన్నడక్కుండానే రాద్దామనుకున్నావా?" లేదని, అడగడానికే వచ్చానని చెప్పాను. చిన్నవాడు గుమ్మంలో నిలబడి, నేను పోతానత్తా, రాయి అన్నాడు. కర్ర పట్టుకుని బయట అరుగు మీద కూర్చున్న పెద్దవాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తమ్ముడితో అన్నాడు: "పో. కానీ వద్దని చెప్పేవాడు ఒకడు జట్టులో ఉండాలి. వాడు వద్దంటే ఆగాలి. నాకు ఆరోజు చెప్పేవాడు లేడు."

ఆ మాట ఏ శిక్షణ పుస్తకంలోకైనా ఎక్కదగ్గది. వద్దని చెప్పే బాధ్యత అతనికే ఇవ్వాలని నాకనిపించింది. నీళ్లలోకి దిగలేడు, కానీ నీటిని అతనికంటే బాగా చూడగలిగినవాడు మా ఊళ్లో లేడు.

వదిన మాత్రం ఒకటే అంది: "జాకెట్టు తెచ్చి నా చేతికియ్యమను. నేనే తొడుగుతా."

మర్నాడు కాగితం తిరిగిచ్చాను. ముందువైపు తొమ్మిది పేర్లు, ఒక్కొక్కరూ వాళ్లే పెట్టిన సంతకాలు. ఎనిమిదో పేరు పక్కన "ఒడ్డున ఉండి ఆపేవాడు" అని రాశాను. వెనకవైపు మా షరతులు రాశాను. జాకెట్లు, తాళ్లు, డీజిల్ మండల గోదాములో కాదు, మా గుట్ట మీది బడిలో ఉండాలి. బీమా కాగితం నీళ్లు రాకముందు చేతికి రావాలి. దెబ్బ తగిలితే బాగయ్యేదాకా వైద్యం, కూలి పోయిన రోజులకు డబ్బు ఇవ్వాలి. దిగనన్నవాడిని ఎవరూ పిరికివాడనకూడదు. ఉద్యోగి కాగితం తిప్పి చూసి, వెనకవైపు రాయడానికి కాలమ్ లేదు కదా టీచర్ అన్నాడు. లేదు కాబట్టే రాశానన్నాను. తీసుకుని వెళ్లాడు.

పదో పేరు నాది. నాకు ఈత అంతంతమాత్రమే. కానీ ఏ ఇంట్లో ఎవరిని ముందు గుట్ట ఎక్కించాలో రాసిన నోటుబుక్కు నా దగ్గరే ఉంది. తొమ్మిది ఇళ్ల గడపలెక్కి బిడ్డల్ని అడిగిన దాన్ని, నా పేరు లేకుండా ఆ కాగితం ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.