టైర్లు మారిన కారు అదే కారా?

అరిగిన టైర్లు తీసేసి కొత్తవి వేసిన పోర్షే 911 మునుపటి కారేనా? భారతీయ దార్శనికులు ఇలాంటి ప్రశ్నను రథం విషయంలో వేసుకున్నారు. పాళీ గ్రంథం 'మిళిందపన్హ'లో భిక్షువు నాగసేనుడు యవన రాజు మిళిందుడి చేత ఒప్పించేది ఇది: చక్రాలు రథం కావు, ఇరుసూ కాదు, భాగాలన్నీ కూడినప్పుడు వ్యవహారానికి పెట్టుకున్న పేరే రథం.

న్యాయ వైశేషికులు దీన్ని అంగీకరించరు. అవయవాలకు, అంటే భాగాలకు, భిన్నంగా అవయవి, అంటే మొత్తం వస్తువు, నిజంగా ఉందంటారు. అయితే ఒక్క అవయవం తొలగినా పాత అవయవి నశించి కొత్తది పుడుతుందనీ, పోలిక వల్లే అది పాతదిగా తోస్తుందనీ వారి వాదం.

టైరు ఎంపికలో మరో కొలమానం కనిపిస్తుంది, అది ప్రయోజనం. పోర్షే పరీక్షించి ఆమోదించిన టైరు పక్కగోడ మీద ఎన్‌0, ఎన్‌1 వంటి ముద్ర ఉంటుంది. సైజు ఒకటే అయినా రబ్బరు మిశ్రమం, లోపలి నిర్మాణం వేరైతే మలుపులో పట్టు, తడిరోడ్డు మీద బ్రేకు దూరం మారతాయి. భాగం కొత్తదైనా వస్తువు తన పని తన తీరులో చేస్తున్నంతకాలం అదే వస్తువు అనడం ఈ దృష్టి. ఎంత తేడా వస్తే ఆ తీరు పోయినట్టో మాత్రం ఇది తేల్చలేదు; ఆ గీత గీయాల్సింది మనిషి వివేకమే.