పడిగెను ఫోనులో ఎలా పట్టాలి

పోయిన చలికాలంలో ఒక తాత మణుగూరు బండిలో వచ్చి తెల్లారేసరికి సికింద్రాబాదు స్టేషన్‌లో దిగాడు. చంకలో గుడ్డమూట, అందులో వాళ్ల గట్టు పడిగె. అంచులు చీకిపోతున్నాయి, పురుగు పట్టకముందే ఫొటోలు తీయించుకు రమ్మని ఊరి పెద్దలు పంపారు. మారేడుపల్లిలో ఒక గదిలో ఉండే మాలో కోయవాళ్లం ఉన్నాం, గోండులం ఉన్నాం, ఒక సవర తమ్ముడున్నాడు. పెద్ద కెమెరా ఎవరికీ లేదు. ఫోనుతోనే చక్కగా తీయొచ్చని తాతకు కబురు పెట్టింది మేమే. ఆ 'చక్కగా' అన్న మాట దగ్గరే రోజంతా చిక్కుబడ్డాం.

పని అయితే నేర్చుకున్నదే. ఫోను కంటిని మెత్తటి నూలుగుడ్డతో తుడవాలి, జేబులోని జిడ్డంతా దాని మీదే ఉంటుంది. ఫ్లాష్ వద్దు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పడిగెను వేలాడదీయాలి. వెలుగు పక్క నుంచి వస్తేనే గుడ్డ మీద గుడ్డ వేసి కుట్టిన బొమ్మల అంచులు, సూది పోట్లు కనబడతాయి. దగ్గరికి పోయి తీస్తే బొమ్మల అంచులు వంగుతాయి కాబట్టి నాలుగడుగులు వెనక్కి నిలబడి రెండింతలు దగ్గరకు లాక్కోవాలి. ఫోను పడిగెకు సమాంతరంగా ఉండాలి. పడిగె త్రికోణం కదా, ఫోను కాస్త వాలినా మొన పక్కకు పోతుంది. పక్కన ఒక తెల్లకాగితం పెట్టి ఒక ఫొటో తీసుకుంటే రంగు తప్పిందో లేదో తర్వాత సరిచూసుకోవచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. ఇవన్నీ చేశాం. మొదటి ఫొటో చూసి మేము మురిసిపోయాం.

తాత మురవలేదు. "ఇది మా పడిగె కాదు బిడ్డా, దుకాణంల గుడ్డ" అన్నాడు.

మళ్లీ చూశాం. ఫోను తనంతట తాను ఎరుపును ఇంకా ఎర్రగా చేసింది, దీపం పొగను తేలిక చేసింది. ఏళ్లతరబడి కొలుపుల్లో పడిన పసుపు, నూనె చేతుల గుర్తులు మసకబారిపోయాయి. ఫోనుకు అవి మరకలు. తాతకు అవి తన తండ్రి చేతులు. ఆ దిద్దుబాట్లన్నీ ఆపేసి, వెలుగు కాస్త తగ్గించి మళ్లీ తీస్తే కొంత దగ్గరికొచ్చింది. అప్పుడు సవర తమ్ముడు వాళ్ల ఇంటి గోడ సంగతి చెప్పాడు. వాళ్ల ఎడిసింగె బొమ్మలు ఎర్రమట్టి గోడ మీద, బియ్యప్పిండి తెలుపుతో, ఇంటి లోపలి చీకట్లో ఉంటాయి. వెరియర్ ఎల్విన్ అలాంటి బొమ్మలను 1951 నాటి తన పుస్తకంలో అచ్చువేశాడు. ఇప్పుడు ఎవరో వచ్చి ఫ్లాష్ కొట్టి తీస్తే గుర్రాలు, మనుషులు ధగధగ మెరిశాయట. "మా అమ్మ ఆ గుర్రాన్ని అంత తెల్లగా ఎన్నడూ చూడలేదు" అన్నాడు. ఆ ఇంట్లో ఎవరూ చూడనిదాన్ని చూపిన ఫొటోను చక్కని ఫొటో అనవచ్చా? మాలో ఇద్దరం అనవచ్చన్నాం, గీత స్పష్టంగా తెలుస్తుందని. మిగతావాళ్లం ఒప్పుకోలేదు.

మనమున్న ఈ సికింద్రాబాదుకు ఫొటో కొత్త కాదు. 1880ల్లోనే రాజా దీన్ దయాళ్ ఇక్కడ స్టూడియో పెట్టాడు. నవాబులు, దొరలు తమంతట తాము పోయి, తమకు నచ్చినట్టు కూర్చుని, గాజుపలకల మీదికెక్కారు. మనవాళ్ల దగ్గరికి మాత్రం కెమెరానే నడిచొచ్చింది. 1940ల్లో హైమన్‌డార్ఫ్ తీసిన గోండుల, కోయల, కొండరెడ్ల ఫొటోలు లండన్ విశ్వవిద్యాలయం సోయాస్‌లో ఉన్నాయి. ఆయన మేలు చేసినవాడే, మార్లవాయిలో ఇప్పటికీ తలచుకుంటారు. అయినా తాతల ముఖాలు చూడాలంటే మనవళ్లు లండన్ వైపు చూడాల్సి వచ్చింది. చట్టం సంగతి ఇంకా విచిత్రం. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసినవాడు, బతికున్నన్నాళ్లూ, అతను పోయాక 60 ఏళ్ల దాకా ఆ హక్కు నిలిచి ఉంటుంది. కుట్టిన చేయి, పాడిన గొంతు, కాపాడిన గట్టు ఆ లెక్కలోకి రావు. ఆ రోజు బటన్ నొక్కింది మేమే కనుక, రాతలో ఆ ఫొటోలు మావే. తాతకు అది చెప్పాలంటే సిగ్గేసింది. చెప్పాం. ఆయన నవ్వాడు.

నవ్వులో తేలిపోని సంగతి మరొకటి ఉంది. లొకేషన్ ఆపకపోతే ఫోను ప్రతి ఫొటో లోపల అక్షాంశం, రేఖాంశం రాసిపెడుతుంది. పడిగె దాచే ఇంటి ముందు నిలబడి ముచ్చటపడి తీసి పదిమందికీ పంచిన ఫొటో, పాత వస్తువులు కొనుక్కుపోయేవాళ్లకు దారి చూపగలదు. మనలో ఎంతమందిమి దాన్ని ఆపుతున్నాం?

మధ్యాహ్నం అసలు తగాదా వచ్చింది. తాత తన తువ్వాలు తీసి పడిగెలో ఒక భాగం మీద కప్పాడు. ఇలవేల్పు ఉన్నచోటు, కొలుపులో తప్ప తెరవరు. పొద్దున మేము తొందరపడి తీసిన రెండు ఫొటోలను ఆయన ముందే చెరిపేశాం. మాలో అందరికంటే చిన్నది, చింతూరు వైపు అమ్మాయి, ఊరుకోలేదు. "తాతా, 2022 వానకాలంలో భద్రాచలం కాడ గోదారి 71 అడుగులు దాటింది. పోలవరం నిండితే మా ఊళ్లే ఉండవు. తువ్వాలు కిందిది పోతే ఏం చేస్తాం?" అని అడిగింది. ఆ పిల్ల మాటలో తప్పు లేదు. మొక్కు పేరు చెప్పి అన్నీ దాస్తే పురుగూ వరదా మొక్కును అడిగి రావు.

"పోతే మళ్ల కుడతం. పాట ఉన్నది గద" అన్నాడు తాత.

"పాడేటోళ్లు?"

ఆయన మాట్లాడలేదు. పద్మశ్రీ అందుకున్న డోలి గాయకుడు సకిని రామచంద్రయ్య 2024లో పోయాక, పడిగెను చూసి కథ చెప్పగలవాళ్లు ఇంకెందరని మాలో మేము ఇంతకుముందే లెక్కపెట్టుకుని భయపడ్డాం. కథ లేకుంటే ఎంత చక్కగా తీసిన ఫొటోలోనైనా మనుషులెవరో, గుర్రం ఎవరిదో తెలియదు.

సాయంత్రం తాత వెంట తెచ్చుకున్న సీసాలోంచి రెండు చుక్కల ఇప్పసారా నేల మీద పోసి, గోడకానుకుని పాడటం మొదలుపెట్టాడు. డోలి లేదు, మోకాలి మీద చేత్తో కొట్టుకున్నాడు. ఒక్కొక్క బొమ్మకూ ఒక్కొక్క పాటముక్క. మేము ఏ ఫొటోకు ఏ ముక్కో నంబర్లు వేసి రికార్డు చేశాం. తువ్వాలు దగ్గరికి వచ్చేసరికి ఆగి, "ఫోను బందు పెట్టుండ్రి" అన్నాడు. అమ్మాయే ముందు తన ఫోను ఆపి తీసుకుపోయి వంటగదిలో పెట్టొచ్చింది. తర్వాత మిగిలినవాళ్లం.

అప్పుడు ఆ భాగం పాడాడు. చాలాసేపు పాడాడు. రాత్రి బండికి ఆయన్ని ఎక్కించి వచ్చాక కూర్చుని గుర్తు చేసుకోబోతే, మొదటి వరస మాలో ముగ్గురికి వచ్చింది, రెండోది అమ్మాయికి ఒక్కదానికే. మూడో వరస ఎవరికీ రాలేదు. వచ్చే కొలుపుకు ఆ ఊరు పోదామని అనుకున్నాం.