మాటసాయం

సంఘమంటే యేమిటని అడిగితే మనవాళ్లు ముందు ప్రణాళిక చూపిస్తారు, తర్వాత తీర్మానాలు చూపిస్తారు. సభ్యులు వొకరితో వొకరు రోజూ యెలా మాట్లాడుకుంటారన్న ప్రశ్న స్వభావాలకు సంబంధించినదే గాని సిద్ధాంతానికి సంబంధించినది కాదని తోసిపుచ్చుతారు. నేను దీన్ని వొప్పుకోలేను. తోటి కార్యకర్తకు దినదినమూ మాటసాయం చెయ్యడం మర్యాదతో సరిపోయే సంగతి కాదు, అది బాధ్యత అని నా వాదం.

"కామ్రేడ్" అనే మాటకు మూలం గది అనే అర్థమిచ్చే స్పానిష్ పదం. వొకే గదిలో వుండేవాడు కామ్రేడ్. అటువంటివాడికి మన వుపన్యాసం కన్న ముందు మన దగ్గు వినబడుతుంది. పిలుపు యిప్పటికీ వాడుతున్నాము. గది సంగతి మరిచాము.

నేనుండేది నెల్లూరు జిల్లా సంగంలో. పెన్నలో బీరాపేరు, బొగ్గేరు కలిసే చోటు కనుక ఆ పేరు. (మా విద్యార్థులు దీన్ని "సంఘం" అని రాస్తుంటారు. యెర్రసిరాతో దిద్దుతానుగాని అంత పెద్ద తప్పుగా తోచదు.) యిక్కడికి వుత్తరాన, కలిగిరి మండలంలో దూబగుంట వుంది. 1991లో జిల్లాలో అక్షరాస్యతా వుద్యమం సాగినప్పుడు జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, కళాజాతాలు వూరూరా తిరిగాయి. రాత్రి బడుల వాచకంలో "సీతమ్మ కథ" అనే పాఠం వుండేది. తాగుడు వల్ల కూలిన వొక సంసారం కథ. దాన్ని చదివి మాట్లాడుకున్న దూబగుంట ఆడవాళ్లు తమ వూరి సారా అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటికీ తెలిసింది. ఆ సంగతే "ఆడవాళ్లు ఏకమైతే" అనే పేరుతో తరువాత పాఠమైంది. 1992లో సారా వేలంపాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం; 1995లో సంపూర్ణ మద్యనిషేధం; 1997లో అది సడలిపోయింది.

చదువు చైతన్యం తెచ్చిందని కొందరు విమర్శకులు అంటారు. దరిద్రం తిరగబడేటట్టు చేసిందని మరికొందరు అంటారు. రెండూ నిజమే. కాని దరిద్రం అంతకు ముందూ వుంది. అక్షరాలు వొంటరిగా కూర్చున్నా వస్తాయి. కొత్తగా దొరికింది, పగలు కూలికి పోయి, రాత్రి వంట ముగించి వచ్చిన ఆడవాళ్లు "మా యింట్లోనూ యింతే" అని చెప్పుకునే చోటు. తన మొగుణ్ణి గురించి నోరు విప్పలేని మనిషి సీతమ్మ మొగుణ్ణి గురించి చెప్పగలదు. పక్కనున్న మనిషి "ఊఁ, తర్వాత?" అంటే తన సంగతీ చెబుతుంది. ఆ ఊఁ కొట్టడాన్ని నేను రాజకీయ కార్యమంటాను.

అంగడి ముందు నిలబడడం వొక పూట పని. యింటికి పోయాక, తాగివచ్చిన మగవాడి యెదుట ఆమె వొంటరిది. మర్నాడు బోరింగు దగ్గర "రాత్రి యేమన్నా గొడవైందా అక్కా? సాయంత్రం నేను వచ్చి మీ యింట్లో కూర్చోనా?" అని అడిగే మనిషి లేకపోతే ఆమె రెండోసారి ఎలా వస్తుంది? రాకపోతే చైతన్యం చాలలేదని తేల్చడం మనకు తేలిక.

దీనికి వొక ఆక్షేపణ వుంది, బలమైనదే. తియ్యని మాటలకు అలవాటుపడిన సంఘంలో విమర్శ చచ్చిపోతుంది. బాగోగులు అడిగే మనిషి తప్పు యెత్తిచూపడానికి నోరు రాదు. ముఠాలు పుట్టేది యిలాగే. అయితే మెచ్చుకోలు వేరు, ఆదుకునే మాట వేరు. "చందా లెక్క తప్పు రాశావు, కూర్చో, యిద్దరం కలిసి చూద్దాం" అన్నప్పుడు విమర్శా వుంది, ఆదరువూ వుంది. మనం మొదటి సగం సభలో అందరి ముందూ అని, రెండో సగం మింగేస్తాము.

విద్యార్థి సంఘాల్లో చూడండి. పోస్టర్లు అంటించే కుర్రవాడు రెండు వారాలు కనిపించకపోతే గైరుహాజరు రాస్తారు. ఫీజు కట్టలేక వూరికి పోయాడో, యింట్లో యెవరికైనా జబ్బు చేసిందో కనుక్కునేవాళ్లు లేరు. వాట్సాప్ గుంపులో జెండా బొమ్మ పెట్టడం కబురు పంపడం కాదు. వొకవేళ యెవరైనా కనుక్కున్నా ఆ పని ఆడపిల్లల మీదే పడుతుంది. మగవాళ్లు తీర్మానాలు రాస్తూ వుంటారు. యీ పని విభజన మీద యింతవరకు యే తీర్మానమూ నా కంటబడలేదు.

మన శాఖల హాజరు పుస్తకాల్లో, రానివాళ్ల పేర్ల పక్కన "యెవరు వెళ్లి కలిశారు?" అని వొక గడి గీసి చూడమని నా సూచన. మొదటి నెల ఆ గడిలో కార్యదర్శులే తమ పేరు రాసుకోవాలి.