సముద్రం విడిచిన ఇల్లు

మా చందూరుకు సముద్రం ఎటు చూసినా దూరమే. నీళ్లంటే మాకు నిజాంసాగర్ కాలువ, వరిమడి. అందుకే గుహ ముంగిట కూర్చుని అలలు చూడాలన్న కోరిక నాకు ఎప్పటిదో. తీరా చూసింది మాత్రం నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బేలుం గుహలు. అక్కడ కొండ కూడా లేదు. చదునైన చేల నడుమ బావుల్లాంటి గుంతలు, వాటిలో ఒకదాంట్లోంచి దారి.

"బావి అంటే నీళ్లుండాలె గదరా" అన్నడు మా మేనమామ, మెట్లు దిగుతూ.

ఉండేవే. చేపలు కూడా పుట్టని కాలంలో ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురదే ఈ రాయి. ఉప్పునీళ్లు కట్టినదాన్ని తర్వాత వాననీళ్లు కరిగించాయి. మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, పగుళ్ల వెంట దిగి తొలిచాయి. అలా మిగిలిన ఖాళీ పొడవు 3,229 మీటర్లు. అందులో మనల్ని నడవనిచ్చేది సగం లోపే. లోపల పెట్టిన రంగు దీపాలు లేకుంటే ఇంకా బాగుండేది.

నేను కోరుకున్నలాంటి గుహ ఒకటి జిబ్రాల్టర్‌లో ఉంది, పేరు గోరమ్ గుహ. అదీ సున్నపురాయే, ముంగిట్లోనే మధ్యధరా సముద్రం. కానీ నియాండర్తల్ మనుషులు అందులో కాపురమున్న కాలంలో చాలాకాలం సముద్రం కిలోమీటర్ల అవతల ఉండేదట, గుమ్మం ముందు మైదానం. అంటే తీరం కూడా కౌలుదారే. మా ఇంట్లో అమ్మ రోజూ తుడిచే షాబాదు బండలు మాత్రం ఏం తక్కువ? అవీ ఒకనాటి సముద్రపు అడుగే. ఇది తెలిశాక సముద్రం చూడలేదన్న దిగులు కొంత తగ్గింది, పూర్తిగా కాదు.

నిజానికి కోట్ల ఏళ్ల లెక్క నా బుర్రకు ఎక్కదు. విని తలూపుతాను, అంతే. మనుషుల లెక్కలైతే అందుతాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ బేలుం గుహల గురించి రాశాడు. 1982, 83లలో గెబావర్ అనే ఆయన నడిపిన జర్మన్ బృందం వచ్చి వాటిని కొలిచింది. ఇక్కడ బౌద్ధానికి ముందునాటి కుండపెంకులూ దొరికాయి. నా మనసు వాటి దగ్గరే ఆగింది. రాయి ఎలా పుట్టిందో పుస్తకం చెప్పాలి. కుండతో గుహలోకి ఎందుకు దిగుతారో ఎవరూ చెప్పక్కర్లేదు, పైన కాసేది సీమ ఎండ.