బిడ్డకు చెప్పవలసిన మాట

గోదావరి మండలములలో తల్లియో తండ్రియో ఇంట కనబడనపుడు బిడ్డకు చెప్పుటకు సిద్ధముగా నుండు మాట యొకటి కలదు: "కువైట్ వెళ్ళారు." కోనసీమనుండి ఎందరో నిజముగనే ఆ దేశమునకు పోయి కష్టించి డబ్బు పంపుచున్నారు గనుక ఈ మాటను ఎవరును సందేహింపరు. కాని దంపతులు న్యాయస్థానమున విడాకులు పొంది, తండ్రి కాకినాడలోనే వేరుగా నివసించుచుండగా, ఆరేండ్ల బిడ్డతో ఇట్లు పలుకుట ధర్మమా? పసిమనసు నొవ్వరాదను దయతోనే పెద్దలు ఇట్లనుచున్నారు. దయ తోడైనంతమాత్రమున బొంకు బొంకు కాకపోవునా?

1955 నాటి హిందూ వివాహ చట్టము వీరశైవులను, లింగాయతులను పేరు పేరున తన పరిధిలో చేర్చినది. కావున ఇది పరుల యింటి ప్రశ్నయని వీరశైవ కుటుంబములు తప్పించుకొన వీలులేదు. పరస్పరాంగీకారముతో విడిపోవు మార్గము 1976 సవరణవలన ఏర్పడినది. అర్జీ పెట్టిన పిమ్మట సాధారణముగా ఆరు నెలలు ఆగవలెను. తగిన సందర్భములలో ఆ గడువును న్యాయస్థానము తొలగింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఐదేండ్లు నిండని బిడ్డ సామాన్యముగా తల్లికడ నుండవలెనని 1956 నాటి సంరక్షణ చట్టము. బిడ్డ ఎవరికడ నుండవలెనో చట్టము చెప్పును; బిడ్డతో ఏమనవలెనో చెప్పదు. ఆరు నెలలు పెద్దలు ఆలోచించుకొనుటకేనని అందరు తలచుచున్నారు గాని, బిడ్డతో మాటలాడుటకును అది మంచి వ్యవధియే.

శివరాత్రినాడు కోటిపల్లి రేవులో ఆ తండ్రియే ఎదురుపడినచో ఏమగును? బిడ్డకు తండ్రి దూరమగుటయే గాక తల్లి మాటపై నమ్మకము కూడ పోవును. అంతకన్న కీడు మరియొకటి కలదు. కారణము చెప్పనపుడు పసివారు తామే కారణమని తలతురు. "నేను అల్లరి చేశాననే నాన్న వెళ్ళిపోయాడు" అని లోలోన కుములుదురు.

అట్లని నిజమంతయు చెప్పవలెనా? కట్నపు తగవులు, త్రాగుడు, అనుమానములు, ఇవి పెద్దల వ్యాజ్యములు. బసవేశ్వరుడు అసత్యమును విడువుమని చెప్పినచోటనే పరనిందను కూడ విడువుమని బోధించెను. అమ్మమ్మగారింట దినమెల్ల తండ్రిని తిట్టుచు, దానిని సత్యమనుకొను వారున్నారు! అయితే తండ్రి కొట్టగా బిడ్డ కన్నులార చూచినచో, అది జరుగలేదనుటయు బొంకే.

వీలైనచో ఇద్దరును కలిసి కూర్చుండి చెప్పుట మేలు. "బాబూ, నాన్నగారూ నేనూ ఇకమీదట ఒక ఇంట్లో ఉండం. ఇది నీవల్ల జరగలేదు. నీ బడి మారదు." ఆదివారము వచ్చెదనని తండ్రి చెప్పినచో రావలెను, రాలేనివాడు చెప్పరాదు.

ఆరేండ్లవాడు ఒకసారి విని ఊరకుండడు. మరునాడు స్నానము చేయించునపుడు, "నాన్న ఇంటికెప్పుడొస్తాడు?" అని మరల అడుగును. విసుగుకొనక ఆ మాటలే మరల చెప్పవలెను.