బండి మీదున్నావా?

ఒరే అల్లుడూ, నిన్న మంగళగిరి దగ్గర బస్సు కిటికీలోంచి నిన్ను చూశాను. హెల్మెట్‌లోకి ఫోను దూర్చి కబుర్లాడుకుంటూ పోతున్నావు. హెల్మెట్ పెట్టుకున్నందుకు సంతోషించాలో, దాన్ని ఫోనుకి గూడు చేసినందుకు తిట్టాలో తోచలేదు. కేకేద్దామనుకున్నాను గానీ, నీ చెవి ఖాళీగా లేదాయె.

ముప్పయ్యేళ్లు బస్సు తోలినవాణ్ణి. నా సీటు దగ్గర ‘డ్రైవరుతో మాట్లాడరాదు’ అని రాసుండేది. అయినా బానెట్ పక్కన చేరి ఊరి సంగతులన్నీ ఏకరువు పెట్టేవాళ్లకు కొదవుండేది కాదు. వాళ్లలో నేను చూసిందొకటుంది. ఎంత వాగుడుకాయైనా సరే, ఎదురుగా గేదె అడ్డమొస్తే టక్కున నోరు మూసేవాడు. రోడ్డు వాడికీ కనపడుతోంది కదా! ఫోనులో ఉన్నవాడికి ఆ గేదె కనపడదు. నువ్వు లారీని దాటే వేళకే పాలవాడి బాకీ ఎంతని అడుగుతాడు. నీ బుర్ర ఆ లెక్కలో పడుతుంది. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, చూపు మాత్రం ఉండదు.

చెవిలో బ్లూటూత్ పెట్టుకున్నా, చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయిగా మావయ్యా అంటావు. చిక్కు చేతులతో కాదురా.

ఇక మెసేజ్ చూడ్డమంటావా? 60 స్పీడులో బండి సెకనుకి 16 మీటర్ల పైనే పోతుంది. మూడు సెకన్లు తల దించావంటే 50 మీటర్లు, అంటే నాలుగు బస్సుల పొడవు, కళ్లు మూసుకుని తోలినట్టే. కోతల రోజుల్లో తారురోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు చూడు, అవి ఆ 50 మీటర్లలోనే ఉంటాయి.

2019లో చట్టం మార్చాక, బండి నడుపుతూ చేత్తో ఫోను వాడితే ప్రమాదకరమైన డ్రైవింగు కిందే లెక్క. మొదటిసారికే 5,000 దాకా జరిమానా వెయ్యొచ్చు, జైలుకీ పంపొచ్చు. డబ్బు పోతే పోయింది, అది నా బెంగ కాదు.

తప్పు నాదీ ఉంది. మొన్న మందుల కోసం వరసగా మూడుసార్లు చేసి, ‘ఎత్తవేంరా’ అని కసిరింది నేనే. అవి మర్నాడు తెచ్చినా కొంపేం మునిగేది కాదు. మీ అమ్మకీ చెప్పాను. ఇకమీదట ఎవరు చేసినా మోగనీ. టీకొట్టు దగ్గర ఆగినప్పుడు చూసుకో. పొరపాటున ఎత్తావనుకో, ‘బండి మీదున్నావా?’ అనే ముందు అడుగుతాను. అవునన్నావా, కట్ చేసేస్తాను. మావయ్య అలిగాడనుకోకు.