గుణం ఎవరి లెక్క?

పంది మా వాడలో తిట్టు కాదు, ఆస్తి. జమ్మలమడుగు దగ్గర మా పల్లెలో, ఎరుకల వాళ్ల నుంచి పాలుకు తెచ్చుకున్న రెండు ఆడపందులే మా అమ్మకు బ్యాంకు. నా హాస్టలు పెట్టె, బి.ఎస్సీ. పరీక్ష ఫీజు వాటి ఈతల్లోంచి వచ్చినవే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేను. ఇప్పుడు ప్రొద్దుటూరులో గవర్నమెంటు బళ్లో జీవశాస్త్రం చెప్తున్నా.

ఒకసారి స్టాఫు రూములో ఒకాయన అన్నాడు: "ఎన్ని సౌకర్యాలిచ్చినా గుణం యాడికి పోతాది సార్? జీన్సులో ఉండేదే గదా!" వెనకటికి కర్మ అనేవాళ్లు, ఇప్పుడు జీన్సు అంటున్నారు. మాట మారింది గానీ మమ్మల్ని కూర్చోబెట్టే చోటు మారలేదు. పుట్టుకకూ గుణానికీ సంబంధం ఉందంటే, ఒకర్ని ఎక్కువ, ఇంకొకర్ని తక్కువ అనే హక్కు వస్తుందా?

జవాబు పందిలోనే ఉంది. పంది 7వ క్రోమోజోము మీద ఎస్.ఎల్.ఏ. అనే జన్యువుల గుంపు ఉంటుంది. నూటికి పైగా జన్యువులు. ఒంట్లోకి చొరబడిన క్రిమి ముక్కను పట్టి రక్షణ కణాలకు చూపించే ప్రొటీన్లు వీటి నుంచే వస్తాయి. ఈ గుంపులోని రకాలకూ, పంది ఎదుగుదలకూ, కొవ్వుకూ, ఈతకు ఎన్ని పిల్లలనేదానికీ సంబంధం కనిపించిందని శాస్త్రజ్ఞులు రాసినారు.

అయితే సంబంధం వేరు, కారణం వేరు. క్రోమోజోము మీద పక్కపక్కనున్న జన్యువులు తరతరానికీ గంపగుత్తగా కలిసొస్తాయి. కొవ్వు పెంచింది పక్కది కావచ్చు, పేరు దీనికి రావచ్చు. మా వాడ సంగతీ అంతే. రోగాలెక్కువ, చదువు తక్కువ అని లెక్కలోళ్లు రాసుకుని పోతారు. మురిక్కాలువను మా గుడిసెల పక్కకు మళ్లించిందెవరు, మంచినీళ్ల బావి దగ్గరికి రానీయనిదెవరు అనేది రాయరు. పక్కనున్నదాని పాపం మా పుట్టుక మీద పడుతుంది.

ఇంకో సంగతి, అసలు మంచి గుణమంటే ఏంది? తెల్ల సీమపంది తొందరగా బరువెక్కుతుంది. నాటుపంది మా ఎండకూ, దొరికిన తిండికీ తట్టుకుంటుంది. తిరుపతిలో 75 పాళ్లు యార్క్‌షైరు, 25 పాళ్లు నాటు కలిపి టి-17 అనే రకం తీసినారు. రెండూ కావాల్సొచ్చినాయి. దొడ్డీ, మేతా, సంతా చెప్పకుండా ఏ గుణం గొప్పదో ఎవరూ చెప్పలేరు.

రక్షణ జన్యువుల్లో ఎన్ని రకాలుంటే మందకు అంత బలం. దగ్గర చుట్టరికంలోనే కలుపుతా పోతే రకాలు తగ్గిపోతాయి. ఒక్క క్రిమి కన్నుగప్పితే మందంతా పడిపోవచ్చు. మా అమ్మకు ఎస్.ఎల్.ఏ. తెలీదు. కానీ సొంత మందలో పుట్టిన మగపందిని కట్టనిచ్చేది కాదు, పక్కూరి నుంచి తెప్పించేది. "ఒకే నెత్తురైతే పిల్ల నిలబడదు నాయనా" అనేది. శుద్ధి, శుద్ధి అనేవాళ్లు ఈ మాట వినాల. కులం రక్తశుద్ధిని కాపాడుతుందనే వాదాన్ని 1936లోనే అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో ఎత్తుకుని ఖండించినాడు.

ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. పులివెందులలో ఇందిరాగాంధీ పేరుతో పశు పరిశోధన కేంద్రం కట్టినారు. మంచిదే. అయితే పందుల వెనక తిరిగి పెరిగిన పిల్లలు, ముఖ్యంగా ఎరుకల పిల్లలు, అట్లాంటి చోట్ల సూక్ష్మదర్శిని ముందు కూర్చోవాల. మా అమ్మలు దొడ్లో నేర్చింది వాళ్ల పేరుతోనే పుస్తకమెక్కాల. జన్యువు క్రిమిని గుర్తుపడుతుంది గానీ, ఎవరు గడప లోపలో ఎవరు బయటో చెప్పదు. ఆ గీత గీసింది మనుషులు. చెరపాల్సిందీ మనుషులే.